రోడ్డు తవ్విన కార్పొరేటరమ్మ

మా కోడలు భవాని కార్పొరేటరైన ఏడాదే కొత్తవాడలో మా గల్లీకి రోడ్డు మంజూరైంది. టీ హోటల్ కట్టయ్య పొద్దున్నే కొబ్బరికాయలు, బంతిపూల దండలు తెచ్చి శంకుస్థాపనకు అంతా సిద్ధం చేశాడు. భవాని వచ్చింది గానీ కొబ్బరికాయ అందుకోలేదు.

"కొత్త రోడ్డు ఎయ్యం మామా. ఉన్నది తవ్వుతం" అంది కట్టయ్యతో.

నాకు ఒళ్లు మండింది. జనం ఓట్లేసింది రోడ్లు తవ్వడానికా?

అసలు సంగతి చెప్పాలి. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు గల్లీలోంచి మూడు మెట్లెక్కి లోపలికి వచ్చేవాళ్లం. తర్వాత గెలిచిన ప్రతివాడూ పాత సిమెంటు రోడ్డు మీదే ఇంకో రోడ్డు పోయించాడు. కింది దాన్ని తీసే ఓపిక ఒక్కడికీ లేదు, మేమేమో చప్పట్లు కొట్టాం. రోడ్డు పెరిగింది, మెట్లు పూడిపోయాయి. ఇప్పుడు గల్లీలోంచి ఇంట్లోకి దిగాలి. వాన నీళ్లూ అలాగే దిగుతాయి. మాది జంపఖానాలు నేసే గుంట మగ్గం. నేసే మనిషి కాళ్లు పెట్టుకునే గుంటలోకే ముందు నీళ్లు చేరతాయి. అందుకే ఉరిమిందంటే చాలు, ఈ వాడలో ప్రతి ఇంట్లో మగ్గం ఆపి నూలు అటకెక్కిస్తారు. ఈమధ్య వానలూ మునుపటిలా లేవు. నెల వాన ఒక్క పూటలో కుమ్మేస్తోంది.

"రోడ్డేసేటోళ్లను సూసినం గని, ఏసింది తవ్వేటోళ్లను సూడలే బిడ్డా" అని కట్టయ్య నవ్వాడు. "తవ్వితే నీళ్లు రావా?"

"ఈ వానకాలం ఒక్క ఇంట్లకు నీళ్లొచ్చినా రాజీనామా చేస్త" అంది భవాని, అందరూ వినేలా.

ఇంట్లోకి రాగానే పట్టుకున్నాను. "నీకేమన్న పిచ్చా? గల్లీ మొత్తంల మన ఇల్లే పల్లం. ముందు మునిగేది మనమే!"

"అందుకే గట్లన్న అత్తమ్మా. మన గుంటలకు రాకుంటే ఇంకెవరింట్లకూ రావు."

అబ్బ, ఏం గుండె దానిది! లోపల మురిసిపోయినా, పైకి మాత్రం కోపంగా గిన్నెలు ఎత్తిపడేశాను.

ఎండాకాలమంతా దుమ్మే దుమ్ము. భవాని ఇంజనీర్ల వెంటపడి రోడ్డును పాత మట్టం దాకా దింపించింది. పూడిపోయిన మా మూడు మెట్లూ బయటపడ్డాయి. మురుగునీళ్లు పోయే మోరీ వెడల్పు చేయించింది. గల్లీ అంచుల్లో సిమెంటు పోయనివ్వకుండా, నీళ్లు ఇంకేలా మట్టి వదిలి కానుగ మొక్కలు పెట్టించింది. పాలకు వెళ్తే కట్టయ్య ఊరుకునేవాడు కాదు.

"వదినా, మీ కోడలు రాజీనామా రాసుకున్నదా?"

"ముందు నీ చాయ్ల చక్కెర సూస్కో పో!" అని దులిపేసి వచ్చాను. ఇంటికొచ్చాక భయంతో దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం ఆకాశం విరిగి పడ్డట్టే వాన. నేను నూలు చుట్టలు అటక మీదికి విసిరేస్తున్నాను. మా ఆయన సారంగపాణి మాత్రం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తూనే ఉన్నాడు.

"లెవ్వుండ్రి! జంపఖానా ఖరాబైతది!"

"నా కోడలు మాటిచ్చింది. నేనే లేస్తే ఇంక ఆ మాటను ఎవరు నమ్ముతరు? నువ్వు గూడ నూలు దించు."

ఎక్కించిన నూలంతా దించి గుమ్మంలో నిలబడ్డాను. నీళ్లు మొదటి మెట్టు ముంచాయి. రెండో మెట్టు ముంచాయి. గల్లీ చివర భవాని మున్సిపాలిటీ వాళ్లతో కలిసి మోరీకి అడ్డం పడిన ప్లాస్టిక్ కవర్లు లాగుతోంది. మూడో మెట్టు దగ్గర నీళ్లు ఆగాయి. కాసేపటికి వాన తగ్గింది, నీళ్లు తీశాయి.

ప్యాంటు మడిచిన కట్టయ్య అందరికంటే ముందు వచ్చాడు. వంగి గుంటలో చెయ్యి పెట్టి చూశాడు. పొడిగా ఉంది.

"వదినా, మా ఎనక గల్లీ గూడ తవ్విస్తదా?" అన్నాడు మెల్లగా.

"నన్నెందుకడుగుతవ్? కార్పొరేటరమ్మను అడుగు!"

అప్పుడే భవాని వచ్చింది, తల నుంచి కాళ్ల దాకా బురద. గుమ్మం బయటే ఆగిపోయింది. గుంటలోకి నీళ్లొచ్చాయేమోనని లోపలికి రావడానికే భయం పాపం.

"మీ మామ ఇంక మగ్గం మీదనే ఉన్నడే" అన్నాను.

లోపల మగ్గం చప్పుడు విన్నది. మూడో మెట్టు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. దాన్ని బురదతోనే పొట్టకు హత్తుకుని నేనూ ఏడ్చాను. కట్టయ్య చూస్తున్నా ఆగలేదు.