గిరి టీమ్ మా వంటింటికొచ్చిన రోజు

"రోజూ ఎట్లా ఉంటావో అట్లానే ఉండు. వాళ్ళు చూసేదానికే వస్తుండారు," అన్నాడు గిరి, నేను ఇడ్లీ పాత్ర దించుతుంటే.

వాళ్ళంటే మా ఆయన ఆఫీసు టీమ్. గృహిణుల కోసం వంటింటి యాప్ ఒకటి చేస్తున్నారు. ఏ సరుకు ఎప్పుడు అయిపోతుందో, ఏ పూట ఏం వండాలో అదే చెబుతుందట. చేసే ముందు వాడేవాళ్ళను వాళ్ళ ఇంట్లోనే కూర్చుని గమనించాలి. ఇంత ఊళ్ళో ఆయనకు దొరికిన యూజర్ నేను. పాప పుట్టేదాకా ఆ గమనించే ఉద్యోగమే నాది. నోరు మూసుకుని చూడాలని, యూజర్ తడబడినా జవాబు అందించకూడదని ఈయనకు నేర్పింది నేనే. ఆ పాఠాన్నే ఇప్పుడు ఆఫీసులో తనదిగా చెప్పుకుంటాడు, సిగ్గు లేకుండా. తరమణిలో ఒక కంపెనీ నన్ను అదే ఉద్యోగానికి రమ్మంటోంది. ఈ సాయంత్రంలోగా అవునో కాదో చెప్పాలి. రాత్రి ఆ మాట ఎత్తితే, "ఇప్పుడు నీకేం తక్కువయిందని?" అన్నాడాయన. "పిల్లనెవురు చూస్తారు మే?" అంది అత్తయ్య. నేను జవాబు చెప్పేలోపే ఇద్దరూ టీవీ వైపు తిరిగారు.

పురసవాక్కంలోని మా ఇరుకింట్లోకి నలుగురొచ్చి కూర్చున్నారు. ఇడ్లీ పెట్టాను, కాఫీ కలిపాను, పాపకు జడ వేశాను, అత్తయ్య మాత్రలు వెతికిచ్చాను. అన్నీ రాసుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ చాకిరీ, జీతాలు తీసుకునే నలుగురు వచ్చి చూస్తే గానీ పనిగా లెక్కకు రాలేదు.

వాళ్ళలో రంజని అని, మాలాగే ఈ తమిళ ఊళ్ళో పుట్టి పెరిగిన తెలుగుపిల్ల, మర్యాదగా అడిగింది. "మీకు ఎక్కువ కష్టమనిపించేది ఏందక్కా?"

"సరుకులు గుర్తు పెట్టుకునేదే," అన్నాడు గిరి.

"యాప్ వల్ల టైమ్ మిగిలితే ఏం చేస్తారక్కా?"

"పాపను చదివిచ్చుకుంటాది. అమ్మకు తోడుగా ఉంటాది," అన్నాడు గిరి.

టైపు చేస్తున్న రంజని వేళ్ళు ఆగిపోయాయి. ఇది తప్పని ఆ పిల్లకు తెలుసు. బాసు గనక ఊరుకుంది. నేనూ ఇన్నాళ్ళూ అలాగే ఊరుకున్నాను, మొగుడు గనక.

స్టవ్ కట్టేసి వచ్చి ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. ల్యాప్‌టాప్‌లో పైన 'సునయన, గృహిణి' అని ఉంది.

"నా పేరు తీసేసి ఈయన పేరు పెట్టుకోమ్మా," అన్నాను. "నేను పనికి పోతుండా. వచ్చే నెల నుంచి ఈ వంటింట్లో ఉండేది ఈయనే."