మైకమ్మ నోరు మూసుకున్న సాయంత్రం

ఆవిడ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. అందరికీ మైకమ్మే. ఈ చివర కుట్టుమిషను ముందు కూర్చుని మాట్లాడితే ఆ చివర ఇంట్లోవాళ్లు ఊకొట్టవచ్చు. నోరున్నవాడిదే రాజ్యమంటారు. ఆ లెక్కన ఆవిడ ఎప్పుడో రాణి కావలసిన మనిషి, ఎందుకో దర్జీ కొట్టు దగ్గరే ఆగిపోయింది.

ఆ కొట్లోనే పక్క మిషను మీద కోడలు కుడుతుంది. పిల్ల బంగారం, కానీ నత్తి. మాట అడ్డం పడిందో లేదో మైకమ్మ అందుకుని పూర్తి చేసేస్తుంది. సాయం చేస్తున్నాననే ఆవిడ నమ్మకం. ఒకసారి కోడలు "చే... చేతులు" అనగానే "పొడుగు పెట్టాలి, అంతేగా" అని తేల్చేసింది. ఆ పిల్ల చెప్పబోయింది పొట్టి చేయాలని. చొక్కా తొడుక్కున్న ఆసామి తన వేళ్లు తనకే కనబడక తెల్లమొహం వేశాడు. అయినా ఈవిడకు బుద్ధి రాలేదు.

ఇప్పుడు కష్టం ఇంటిమీదికే వచ్చింది. మైకమ్మ భర్తకు కిడ్నీలు పాడై రోజు విడిచి రోజు డయాలసిస్. కోడలే బస్సులో తీసుకెళ్లి తీసుకొస్తుంది. ఆసుపత్రి గేటు ముందున్న బస్టాపును మిట్ట మీది మలుపు దగ్గరికి మారుస్తామని కౌన్సిల్ వాళ్లు నోటీసు అంటించారు. గేటు ముందు బస్సులు ఆగుతుంటే అంబులెన్సులకు దారి ఉండడం లేదట. నిజమే కావచ్చు. కానీ డయాలసిస్ అయి బయటికొచ్చిన మనిషి ఆ మిట్ట ఎక్కడం కల్ల. ప్రతిసారీ ఆటో మాట్లాడుకునే స్తోమత వాళ్లకు లేదు.

ఆ నోటీసు వాళ్ల సంగతి తేలుస్తానంటూ మైకమ్మ కోడల్ని వెంటబెట్టుకుని కౌన్సిల్ హాలుకు వెళ్లింది. అక్కడ ఒక పద్ధతి ఉంది. వచ్చినవాళ్లలో ఎవరైనా లేచి మాట్లాడవచ్చు, కానీ ఆ సమావేశం మొత్తానికి మనిషికి ఒకసారే. గుమాస్తా ఆ సంగతి మొదట్లోనే చదివి వినిపించాడు. అప్పుడు మైకమ్మ పక్క కుర్చీ ఆవిడతో కబుర్లలో ఉంది.

ముందు వీధికుక్కల విషయం వచ్చింది. మైకమ్మకు కుక్కలతో ఏ పేచీ లేదు. అయినా ఒక పెద్దమనిషి కుక్కలను మరీ వెనకేసుకొస్తుంటే నోరు ఊరుకోక లేచి వాయించేసింది. హాలంతా పడీపడీ నవ్వింది. అధ్యక్షురాలికి కూడా నవ్వాగలేదు. మైకమ్మ ఏనుగెక్కినంత సంబరంగా కూర్చుంది.

తర్వాత బస్టాపు వంతు. మైకమ్మ కొంగు బిగించి లేచింది.

"మీరు మాట్లాడేశారు కదమ్మా, ఇక కూర్చోండి" అన్నాడు గుమాస్తా.

ఆవిడ గుండెల్లో రాయి పడింది. బతిమాలింది, బామాలింది. ఒకరికి సడలిస్తే అందరికీ సడలించాలన్నారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల! ఊరకుక్కల కోసం మొగుడి బస్సు పోగొట్టుకున్న మనిషి ఇంకెక్కడైనా ఉంటుందా?

అప్పుడు కోడలు లేచింది. "మా... మా..." అని ఆగిపోయింది. కొందరు మొహమాటంగా చూపులు తిప్పుకున్నారు. మైకమ్మ ఉండబట్టలేక "మా ఆయనకండీ" అంటూ సగం లేచింది. కోడలు ఆవిడ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

"నే... నేనే చెప్తా అత్తయ్యా."

చెప్పింది. మామయ్యను ఆ మిట్ట మీదికి ఒకరోజు నడిపించి చూశానంది. దారిలో నేలమీద కూలబడిపోతే ఒక్కతే లేపలేకపోయానంది. కొన్ని మాటలు ఎంతకీ రాలేదు. ఆ పిల్ల వాటిని వదిలేసి తేలిక మాటలతో సరిపెట్టుకోలేదు. వచ్చేదాకా నిలబడింది. హాలు కూడా ఆమెతో పాటు కాచుకుంది.

"అంబులెన్సుకు దా... దారి వద్దని మేం అనం. రేపు అందులో మా మామయ్యే ఉండొచ్చు. గేటు దాటాక గో... గోడ పక్కన బస్సు పట్టేంత చోటుంది. అక్కడ ఆపండి చాలు."

మైకమ్మ నోరు తెరుచుకుని వింది. తానైతే వాళ్లను నాలుగు తిట్టి వచ్చేది. అంబులెన్సు మాట తన నోట వచ్చేదే కాదు. ఇన్నేళ్లుగా పక్క మిషను మీద ఉన్న మనిషి మాట మొదటినుంచి చివరిదాకా వినడం ఇదే మొదలని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. ఆ సిగ్గుకన్నా ఎక్కువగా, ఈ పిల్ల నా కోడలు అని గొంతు చించుకుని అరవాలనిపించింది.

ఇంజనీరు మ్యాపు మీదికి వంగి చూసి, గోడ పక్కన చోటు సరిపోయేలాగే ఉందన్నాడు. కొందరు సభ్యులు ఇంకా గొణుగుతూనే ఉన్నారు. ఓటుకు ముందు అధ్యక్షురాలికి మైకమ్మ మీద జాలి కలిగింది. "పోనీ, మీరూ ఒక మాట చెప్తారా?" అని అడిగింది. హాలంతా అటు తిరిగి నవ్వడానికి సిద్ధమైంది.

మైకమ్మ లేచింది. కోడలి వైపు చూసింది.

"మా కోడలు చెప్పాక నేను చెప్పేదేముందండీ" అని కూర్చుంది.

గోడ పక్కకు మార్చడానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నారు. సభ్యుల చేతులు ఒకటొకటిగా లేచాయి, గొణిగినవాళ్లవి కూడా. మైకమ్మ కూడా చెయ్యెత్తింది. ప్రజలకు ఓటు లేదని గుమాస్తా నచ్చజెప్పాడు. ఆవిడ మారు మాట్లాడలేదు, చెయ్యి దించనూ లేదు.