నాలుగు సెకన్ల ఒప్పందం

ఆ పెద్దాసుపత్రిలో ఆపరేషన్ థియేటర్లు ఆరు, వాటికోసం కొట్టుకునే వార్డులు పదకొండు. ఈ కొట్లాటను మాన్పించే సాఫ్ట్‌వేర్ పనిని ఆమెకు అప్పగించినప్పుడు మూడు వారాలపాటు ఆమె లాప్‌టాప్ తెరవనేలేదు. థియేటర్ల గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఎవరు ఎవరిమీద ఎందుకు అరుస్తున్నారో నోట్‌బుక్‌లో రాసుకుంటూ కూర్చుంది. డిజైనర్‌గా ఆమె పద్ధతే అది. ఏజెంట్లకు ఎంత తెలివి పెట్టాలా అని తక్కినవాళ్ళు బుర్ర బద్దలుకొట్టుకుంటుంటే, "ఒక్కోదాని తెలివి సంగతి తర్వాత, రెండు ఎదురుపడ్డప్పుడు ఏం మాట్లాడుకుంటాయో ముందు తేల్చండి" అనేది. ఏజెంటంటే మరేం లేదు, ఒకరి తరఫున బేరమాడే చిన్న ప్రోగ్రాం. రోగికొకటి, సర్జన్‌కొకటి, థియేటర్‌కొకటి.

అప్పటిదాకా ఈ బేరాలన్నీ పెద్ద సిస్టర్ నోటిమీద నడిచేవి. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ నర్సు, గొంతు మాత్రం మూడంతస్తులకు వినిపించేది. "పోయిన మంగళవారం మీ పేషెంట్ కోసం మా ముసలాయన్ని వెనక్కి నెట్టారా లేదా? ఇవాళ మీ వంతు, కిక్కురుమనకండి" అని సర్జన్ ముఖానే అనేసేది. ఆయన ముఖం గంటు పెట్టుకుని తప్పుకునేవాడు. ఒక్క వంతు మారాలంటే ఇరవై నిమిషాల రభస. డిజైనర్ దాన్ని పొల్లుపోకుండా రాసుకుంది.

రాసుకున్నదాన్నే మొదట తయారుచేసింది. ఎవరి వంతు ఎవరు లాక్కున్నారో ఏజెంట్లు గుర్తుపెట్టుకునేవి. తీరా పెద్దవాళ్ళందరిముందూ ప్రదర్శన పెట్టిన రోజున రెండు ఏజెంట్లు పాత లెక్కలు తవ్వుకుంటూ ఎనిమిది వందల మెసేజ్‌లు పంపుకున్నాయి. తెరమీద థియేటర్ ఖాళీగా పడుంది. ఆమె పై అధికారిని ఆఫీసంతా చాటుగా స్టాప్‌వాచ్ అనేవాళ్ళు. ఆయన అందరూ వినేలా నవ్వాడు.

"మనుషుల గొడవల్నే మెషిన్‌కి నేర్పించావా తల్లీ? దానికి మెషిన్ ఎందుకు?"

ఆ నవ్వు ఆమెకు గుచ్చుకుంది. నిజం చెప్పాలంటే ఆ తర్వాత జరిగిందంతా ఆ నవ్వువల్లే జరిగింది. మర్నాడే కూర్చుని ఏజెంట్ల జ్ఞాపకం మొత్తం తీసేసింది. ఇక ప్రతి బేరమూ కొత్త బేరమే. ఇవాళ ఎవరి పరిస్థితి ఎక్కువ ప్రమాదంగా ఉందో వాళ్ళకు వంతు, రెండోవాళ్ళ ఏజెంట్ ఒప్పుకుని తప్పుకుంటుంది. ఇరవై నిమిషాల రభస నాలుగు సెకన్లకు వచ్చింది. స్టాప్‌వాచ్ చప్పట్లు కొట్టాడు.

పెద్ద సిస్టర్ మాత్రం తెరవైపు అనుమానంగా చూసింది. "ఇంతకుముందు ఎన్నిసార్లు వదులుకున్నాడో ఇది అడగదా?"

"పాతవన్నీ తవ్వుకుంటూ కూర్చుంటే తెమలదు సిస్టర్."

"తెమలనివ్వకపోవడమే కదమ్మా ఇన్నాళ్ళూ నేను చేసింది."

డిజైనర్ ఆ మాట చెవిన వేసుకోలేదు. ఆ నెలలోనే పెద్ద సిస్టర్‌ను దుప్పట్లు సర్దే గదికి మార్చారు. అరిచే మనిషితో ఆసుపత్రికి పని లేకుండా పోయింది.

డిజైనర్‌కి ఒక్కతే కూతురు, ఒక్కతే అక్క. అక్క బట్టల వర్క్‌షాపులో కటింగ్ మాస్టర్. నలభై పొరల గుడ్డను బల్లమీద పరిచి, ఒక్క దారం పక్కకు పోకుండా కోసే చెయ్యి ఆమెది. ఒకరోజు ఆ చేతిలోంచి కత్తెర జారిపడింది. రెండుసార్లు జారాక డాక్టరు దగ్గరికి వెళితే, మెడలో ఎముక నరాన్ని నొక్కుతోందన్నారు. ఆరు వారాల్లో ఆపరేషన్ చేస్తే వేళ్ళకు బలం వస్తుంది, ఆలస్యమైతే వస్తుందని చెప్పలేమని సర్జన్ చీటీమీద రాసి మరీ ఇచ్చాడు. ఆపరేషన్ మన డిజైనర్ సాఫ్ట్‌వేర్ నడిపే ఆ ఆరు థియేటర్లలోనే.

ఖాయం చేసిన రోజు పొద్దున ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. మీ పరిస్థితి నిలకడగా ఉన్నందున ఆపరేషన్ వాయిదా పడింది అని. ఎవరికో రోడ్డు ప్రమాదమట. అక్క చెల్లికి ఫోన్ చేసింది.

"ఏమే, నీ మెషినేగా? ఏంటిది?"

"ప్రాణంమీదకి వచ్చినవాళ్ళు ఉంటారు కదక్కా. అది ఎవరి మొహమూ చూడదు. ఒక్క వారం ఓపిక పట్టు."

వారం తర్వాత కడుపులో పుండు పగిలినవాడొకడు వచ్చాడు. ఆపై వారం ఒక పసిబిడ్డ. ఎప్పుడూ అక్కకంటే ప్రమాదంలో ఉన్నవాళ్ళు ఎవరో ఒకరు వచ్చేవారు, ఎప్పుడూ అక్క పరిస్థితి నిలకడగానే ఉండేది. వేలు వేలుకీ బలం జారిపోతున్నా మనిషి నిలకడే. ఏజెంట్ చూసేది ఇవాళ్టి పరిస్థితిని. ఆరు వారాల గడువు చీటీమీద ఉంది గాని, ఆ చీటీ అక్క పర్సులో ఉంది.

అక్క అడిగినప్పుడల్లా చెల్లి నచ్చజెప్పింది. అప్పటికి మరో నాలుగు ఆసుపత్రులు ఈ సాఫ్ట్‌వేర్ కావాలని అడుగుతున్నాయి. వాళ్ళకు చూపించే స్లైడ్ల బొమ్మల్లో, బాణాల్లో మునిగి ఉంది. అయిదోసారి అక్క ఫోన్‌లో ఏడిస్తే, "నా సొంత అక్కని ముందుకి తోస్తే రేపు ఎవరు నమ్ముతారక్కా దీన్ని?" అంది. అది న్యాయమని తనకు తాను చెప్పుకుంది. సగం న్యాయం, సగం పొగరు.

తొమ్మిది వాయిదాల తర్వాత, పద్నాలుగో వారంలో ఆపరేషన్ అయింది. మెడనొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. వేళ్ళు మాత్రం ముడుచుకోలేదు. బొటనవేలు చూపుడువేలిని అందుకోబోయి మధ్యలోనే ఆగిపోయేది. ఇంతకుమించి రాదని సర్జన్ తేల్చేశాడు.

అప్పుడు తెరిచి చూసింది చెల్లి, ఏజెంట్ల బేరాల రికార్డు. తొమ్మిది బేరాలు. తొమ్మిదిసార్లూ అక్క ఏజెంట్ నాలుగు సెకన్లలోపే తప్పుకుంది. సర్జన్ ఏజెంట్‌కి తప్పు కనబడలేదు, ఆయనకు ఆ గంటలో ఏదో ఒక ఆపరేషన్ ఉంది. థియేటర్ ఏజెంట్‌కి తప్పు కనబడలేదు, గది ఖాళీగా లేదు. విడివిడిగా చూస్తే తొమ్మిది నిర్ణయాలూ సబబే. ఎక్కడా లోపం లేదని రాసి సంతకం పెట్టవచ్చు. స్టాప్‌వాచ్ సరిగ్గా అదే చెప్పాడు. "సగటున అందరికీ ఎదురుచూపు సగానికి సగం తగ్గిందమ్మా. మీ అక్క విషయం దురదృష్టం."

దుప్పట్ల గదికి వెళ్ళి పెద్ద సిస్టర్‌కి చెప్పింది. సిస్టర్ మడతపెడుతున్న దుప్పటి ఆపలేదు.

"రెండోసారికే సర్జన్ గదిముందు బైఠాయించేదాన్ని. మూడోసారి దాకా రానిచ్చేదాన్నే కాదు" అంది. ఓదార్పుగా అన్న మాట కాదు. ఇంకో దుప్పటి అందుకుని, "ఆ కొస పట్టుకో" అంది. డిజైనర్ పట్టుకుంది.

మర్నాడు వర్క్‌షాపుకి వెళ్ళింది. కటింగ్ బల్ల దగ్గర ఎవరో కొత్తమ్మాయి ఉంది. అక్కను గుండీలు లెక్కపెట్టి సంచుల్లో వేసే బల్లకు మార్చారు. ఎడంచేత్తో ఒక్కొక్కటే తీసి వేస్తోంది. చెల్లిని చూసి పక్కనున్న స్టూలు కాలితో ముందుకు తోసింది.

రికార్డులో ఉన్నదంతా చెల్లి దాచకుండా చెప్పింది. జ్ఞాపకం తీసేసింది తనేనని కూడా చెప్పింది. అక్క చివరిదాకా విన్నది.

"అయితే తొమ్మిదిసార్లలో నా తరఫున ఒక్కసారైనా కాదనలేదా అది?"

"లేదక్కా. కాదనడం నేను దానికి నేర్పలేదు."

"దాని సంగతి వదిలెయ్యి. దానికేం తెలుసు. నీకు ఫోన్ చేశాను కదే నేను, తొమ్మిదిసార్లు."

చెల్లి తల దించుకుంది. "ఇప్పుడు మారుస్తున్నానక్కా. ఇకనుంచి ఎన్నిసార్లు వెనక్కి పోయారో గుర్తుంటుంది. మూడోసారికి ఎవరూ కదిలించలేరు. ఇంకెవరికీ ఇలా జరగదు."

"మంచిది, చెయ్యి" అంది అక్క. మనస్ఫూర్తిగానే అంది. మరో నాలుగు గుండీలు సంచిలో వేసింది. తర్వాత పని ఆపి, చెల్లి ముఖంలోకి సూటిగా చూసింది.

"ఒక్కటి చెప్పు. అబద్ధం ఆడకు. నీ కూతురి చెయ్యైతే, రెండో వారం ఓపిక పట్టమనేదానివా?"

చెల్లికి జవాబు తెలుసు. కూతురి చెయ్యైతే మొదటి మెసేజ్ వచ్చిన పూటే సర్జన్ ఇంటి తలుపు బాదేది. మెషిన్‌నీ, న్యాయాన్నీ, నాలుగు ఆసుపత్రుల్నీ గాలికి వదిలేసేది.

అక్క ఆ జవాబు కోసం చాలాసేపు ఎదురుచూసింది. ఆ తర్వాత ముఖం తిప్పుకుని, ఎడంచేత్తో గుండీలు మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.