ఒక్కసారి పిలిచిన పేరు

తవిటమ్మ పీటెక్కి, కుచ్చిళ్ళు పైకి దోపుకుని, వంజరం చేపల గుట్టకేసి చెయ్యి చాపి వేలంపాట అందుకుంది. మనిషి పొట్టి. పాడే మనిషి అందరికీ కనబడాలని మొగుడు పాత పడవ పలకతో ఆ పీట చేసిచ్చాడు. పద్దెనిమిదేళ్ళుగా ఫిషింగ్ హార్బరులో ఆమె బతుకు ఆ పీట మీదే. గొంతు మాత్రం ఐసు మర చప్పుడును కూడా మింగేసేది.

మూడో కేక దగ్గర ఎవరి జేబులోనో ఫోను మోగింది.

"గురువులో... ఓ గురువులో..."

వెనక సినిమా డప్పు. గొంతు తవిటమ్మదే. కొందరు పైకి నవ్వారు, కొందరు తల వంచుకుని నవ్వారు. ఆమెకు పాట ఎక్కడ ఆగిందో గుర్తు రాలేదు. మూడు రోజుల నుంచీ ఇదే వరస. పడవ యజమాని విసుక్కుని, మిగిలిన గుట్టలు పాడమని, వేలం పాడే ఇంకో ఆడమనిషి తాయారును పిలిచాడు.

మొగుడి పేరు నోట పలకని ఇంటి మనిషి తవిటమ్మ. రేషను కార్డు గుమస్తా అడిగినా పక్కావిడ చేత చెప్పించేది. పోయిన కార్తీకంలో వేటకెళ్ళిన పడవ ఆమె మొగుడు గురువులు లేకుండా తిరిగొచ్చిన రోజు మాత్రం, జుట్టు విరబోసుకుని జెట్టీ చివరిదాకా పరుగెత్తి, నీళ్ళకేసి ఆ పేరు పెట్టి అరిచింది. పేరు పెట్టి పిలిస్తే పలుకుతాడనుకుంది, పిచ్చిది. రొయ్యల వ్యాపారి అప్పలరాజు దాన్ని కొత్త కెమెరా ఫోనులో పట్టాడు. అతని బావమరిది గాజువాక నెట్ సెంటర్లో డప్పు కలిపి మొన్నీమధ్య నెట్‌లో పెట్టాడు. ఊళ్ళో ఫోన్లకు అదే రింగ్‌టోనైంది. "అత్తా, ఇంకోపాలి పిలు" అని కింద రాశారు, ముఖం లేని మనుషులు. "మొగుడు లేసిపోనాడేటి?" అని ఇంకొకడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

ఎండెక్కాక తవిటమ్మ అప్పలరాజు దగ్గరికి వెళ్ళింది.

"అది తీసెయ్ బాబూ."

అతడు రొయ్యల మీంచి తల ఎత్తలేదు. "నా ఫోన్లో ఎప్పుడో తీసేసినానప్పా. ఊరంతా పాకిపోనాది. నానేటి సెయ్యను?"

"పాతికేళ్ళ కాపరంలో ఆ పేరు ఒక్కపాలే పిలిసినాను. ఆ మనిసికి ఇనబడాలని పిలిసినాను. మీ జేబుల్లో మోగడానికి కాదు."

అప్పలరాజుకు నిజంగానే సిగ్గేసింది. అయినా గంపలో ఐసు సర్దుకుంటూ పోయాడు.

తాయారు టీ గ్లాసు తెచ్చి చేతికిచ్చింది. "రేపు నువ్వే పాడుదువులే అప్పా."

"నోరు తెరిస్తే నాకే బయమేస్తందే," అంది తవిటమ్మ. టీ తాగి, గ్లాసు కడిగిచ్చి, మధ్యాహ్నం బస్సుకు ఎలమంచిలిలో చెల్లెలింటికి వెళ్ళిపోయింది. అక్కడికి సముద్రం వినబడదు. మళ్ళీ హార్బరుకు రాలేదు.

మర్నాడు తాయారు నేల మీద నిలబడే పాడింది. ఆమె పొడుగు మనిషి. మధ్యలో ఎవరిదో ఫోను మోగింది. "ఓ గురువులో..."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అప్పలరాజు తల తిప్పి వేలం షెడ్డు స్తంభం వైపు చూశాడు. దాని పక్కన తవిటమ్మ పీట అలాగే ఉంది, ఆమె పాదాలు ఆనిన మేర చెక్క అరిగి, నునుపు తేలి.