జగపతి వండిన పరమాన్నం

పాలకుర్తిలో ఎరువుల దుకాణం నడిపే జగపతి ఏ విందుకు వెళ్లినా భోజనమయ్యాక చెయ్యి కడుక్కుని, తువ్వాలతో మూతి తుడుచుకుని, వంట ఎలా ఉందో చెప్పేవాడు. ఎవరూ అడిగేవాళ్లు కాదు. "కూర మంచిగనే ఉన్నది గని, జర ఉప్పు తక్కువ." పెళ్లయినా, పుట్టువెంట్రుకలయినా, దినమయినా ఆయన తీర్పు దాదాపు అదే.

ఇంట్లోనూ అంతే. పెళ్లయిన నాటి నుంచి భార్య శారద వండింది తిని, ఉప్పు గురించి ఏదో ఒకటి అనకుండా లేచిన పూట లేదు. శారద పట్టించుకునేది కాదు. కూర సంగతి ఆమె నాలుకకు తెలుసు, మొగుడి సంగతి ఆమె చెవికి తెలుసు.

అయితే ఈ మధ్య ఆమె వంట నిజంగానే చెడింది. చలికాలంలో ఆమెకు గట్టి జ్వరం వచ్చి తగ్గింది. అది మొదలు ఒకరోజు చారు నోట పెట్టలేనంత ఉప్పగా, మరునాడు ఉత్త నీళ్లలా ఉండేది. ఉగాదికి మహబూబాబాద్ నుంచి కూతురు ప్రియదర్శిని, అల్లుడు శ్రీపాల్ వచ్చినప్పుడు శారద పరమాన్నం చేసింది. శ్రీపాల్ రెండు చెంచాలు తిని, గ్లాసెడు నీళ్లు తాగి, చాలా బాగుందన్నాడు. అతను అల్లుడు. జగపతికి ఆ ఇబ్బంది లేదు.

"గిదేం పరమాన్నమే? యాలకలు వేసినవా, డబ్బనే గుమ్మరించినవా? మా అవ్వ చేస్తుండె, గంటె పెడితె నిలబడేది. తిన్నోళ్లు వేళ్లు నాకేటోళ్లు."

శారద గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది. కానీ మళ్లీ ఆదివారం వస్తున్నామని కూతురు ఫోన్ చేసిన రోజు, ఫోన్ పెట్టేసి మొగుడి వైపు తిరిగింది.

"ఈసారి పరమాన్నం నువ్వు చెయ్యి."

"నేనా?"

"మీ అవ్వ చేస్తుంటె చూసినవు గదా."

జగపతి చూసింది తినేటప్పుడు. ఆ మాట ఒప్పుకోవడం కంటే వండటమే తేలికనిపించింది. "చేస్త. పాలు, బియ్యం, చక్కెర. గంతే గదా," అన్నాడు.

ఆదివారం పొద్దున దుకాణం తెరిచి, పనివాడికి అప్పగించి, నేరుగా వంటింట్లోకి వచ్చాడు. ఒంటిమీద దుకాణం చొక్కానే ఉంది. పురుగుమందుల వాసన కొట్టే ఆ చొక్కాను గడప బయటే విప్పించడం శారదకు ఎప్పటి నుంచో అలవాటు. ఈ ఏడు ఎందుకో ఆమె ఆ మాట ఎత్తడం మానేసింది. ఇన్నేళ్లకు తన మాట నెగ్గిందని జగపతి మనసులో మురిసిపోతున్నాడు.

గంజులో చిక్కటి బర్రెపాలు పోసి పొయ్యి వెలిగించాడు. పాలు పొంగగానే కడిగిన బియ్యం వేశాడు. ఇంతవరకూ అంతా సవ్యంగానే ఉంది కాబట్టి మంట తగ్గించాల్సిన అవసరం ఆయనకు కనిపించలేదు. శారద వంటింటి గడప పక్కనే కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

అప్పుడు తరిగొప్పుల నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. యూరియా వచ్చిందా అని అడిగాడు. రాలేదని చెప్పడానికి ఒక్క మాట చాలు. కానీ జగపతి ఎందుకు రాలేదో, పోయిన ఏడు ఎట్లా వచ్చిందో, తానైతే ఎట్లా తెప్పించేవాడో వివరంగా చెబుతూ వాకిట్లోకి నడిచాడు.

ఎదురింటి లక్ష్మీనర్సమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గేటు తోసుకు వచ్చింది. ఆమె జగపతికి వరసకు చిన్నమ్మ.

"ఏందిరా గీ కంపు? ఏం మాడుతున్నదిరా ఇంట్ల?"

జగపతి ఫోన్ జేబులో వేసుకుని పరుగెత్తాడు. గంజు అడుగు నల్లబడింది. మీద పాలు ఇంకా తెల్లగా, అమాయకంగా ఉడుకుతున్నాయి. మాడు వాసన ఇల్లంతా పట్టేసింది. శారద మాత్రం గడప పక్కన అలాగే కూర్చుని, గింజలు ఒక పక్కకు, పండు ఒక పక్కకు వేస్తోంది.

"ఏమే శారద, ముక్కు ఏడ పెట్టినవే?" అంది లక్ష్మీనర్సమ్మ.

శారద తలెత్తి ఇద్దరి మొహాలూ చూసింది. తర్వాత గంజు వైపు చూసింది. "నేను చెప్తె కోపం చేస్తడని ఊకున్న చిన్నత్తా," అంది.

లక్ష్మీనర్సమ్మ నమ్మింది. జగపతి కోపం ఆమెకూ తెలుసు. కానీ జగపతి నమ్మలేదు. మూడిళ్ల అవతల పప్పు మాడితే ఇక్కడి నుంచి కేకేసి చెప్పే మనిషి శారద. పక్కన పాలు మాడుతుంటే మొగుడి మీద పంతానికి ఊరుకోవడం ఆమె వల్ల అయ్యే పని కాదు. ఆయన పొయ్యి ఆర్పాడు. తర్వాత వెళ్లి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"శారద, నా అంగి వాసన ఎట్లున్నది?"

"ఏ అంగి?"

"గీ అంగి."

ఆమె చొక్కాను చూసింది. "ఉతకాలె," అంది.

"వాసన అడిగిన."

శారద చేతిలోని చింతపండు చాటలో పెట్టింది. కొంగుతో వేళ్లు తుడుచుకుంది, మళ్లీ మళ్లీ తుడుచుకుంటూనే ఉంది.

"వస్తలేదు," అంది చివరకు. "ఏ వాసనా వస్తలేదు. జెరం వచ్చి పోయిన కాణ్నుంచి గిట్లనే ఉన్నది. నాలికె మీద ఏం పెట్టినా మన్ను తిన్నట్టే. కారమైతె మండుతది, అది తెలుస్తది. గంతే."

"ఎందుకు చెప్పలె?"

"చెప్తె ఏమైతది? బజారంత చెప్తవు. రుచి తెల్వని మనిషి వండింది ఎవరు తింటరు? చిన్నత్త ఇంట్ల పండుగైనా పులిహోరకు నన్నే పిలుస్తది." లక్ష్మీనర్సమ్మ ముక్కు మీది కొంగు తీసేసింది. "రంగు చూసి వండుతున్న. పోపు చిటపటలు ఇని వండుతున్న. ఉప్పే అంతు దొరుకుతలేదు. నువ్వు తక్కువన్ననాడు తెల్లారి ఎక్కువ వేసిన. ఎక్కువన్ననాడు తగ్గించిన. ఇంక నేను ఎవల్ని అడగాలె?"

జ్వరం తగ్గాక శారద మొదటిసారి వండిన చారు జగపతికి గుర్తొచ్చింది. అది బాగానే ఉంది. ఉప్పు తక్కువన్నాడు. ఎందుకన్నాడంటే, భోజనం అయిపోయింది కాబట్టి. మరునాడు చారు ఉప్పు కషాయమైంది. అప్పుడు నిజంగానే అన్నాడు. అక్కడి నుంచి ఏది నిజంగా అన్నాడో, ఏది ఊరికే అన్నాడో ఆయనకే తెలియలేదు.

"నేనన్నయన్ని నిజం గాదే," అన్నాడు.

"ఏవి నిజం?"

"యాదికి లేదు."

శారద తిడుతుందేమోనని లక్ష్మీనర్సమ్మ ఆశగా నిలబడింది. తిట్టలేదు. చాట పక్కకు జరిపి లేచింది.

"పిల్లలు వచ్చే యాళ్లయింది. చిన్నత్తా, పాలున్నయా?"

"మా బర్రె పొద్దున మంచిగనే ఇచ్చింది. తెస్త ఆగు," అని లక్ష్మీనర్సమ్మ వెళ్లి చెంబు నిండా తెచ్చింది.

ఈసారి ఇద్దరూ పొయ్యి ముందు నిలబడ్డారు. శారద మంట బాగా తగ్గించి, గంటె మొగుడి చేతికిచ్చింది. అడుగు తగిలేలా తిప్పమంది. చేతులు గుంజుతున్నాయన్నాడు. గుంజుతాయంది. బియ్యం వేళ్లమధ్య నలిగేదాకా చక్కెర వేయనివ్వలేదు. ముందే వేస్తే గింజ బిర్రబిగుసుకుంటుందట. గింజ ఉడికాక గంటె వెనకతో కొంచెం కొంచెం చిదమమంది. పాలు, బియ్యం కలిసిపోయి పరమాన్నం చిక్కబడసాగింది.

"వాసన ఎట్లున్నది?" అంది.

"మంచిగున్నది."

"మంచిగంటె ఏంది? పచ్చిపాల వాసన పోయిందా? మీగడ వాసన వస్తున్నదా?"

జగపతి వంగి వాసన చూశాడు. ఇన్నేళ్లు తీర్పులు చెప్పిన మనిషికి ఒక్క మాట దొరకలేదు. మళ్లీ చూశాడు. "అవ్వ పాలు కాగబెట్టిన పొయ్యికాడ వచ్చేటట్టు," అన్నాడు చివరకు. "జర తియ్యగ. జర పొగ లెక్క."

"పొగెందుకు వస్తది?"

"అది ఇందాక మాడిన గంజుది."

"గట్ల చెప్పు మరి," అంది శారద. యాలకల పొడి చేతిలోకి తీసుకుని, ఒక్కో చిటికె వేస్తూ ఆయన మొహం చూసింది. ఆయన తల ఊపినప్పుడు ఆపింది. ఇంకా జారుగా ఉండగానే దించమంది. చల్లారితే అదే గట్టిపడుతుందట. తల్లి చేతి పరమాన్నంలో గంటె నిలబడటం వెనక ఇంత ఉందని జగపతికి అప్పుడే తెలిసింది.

మధ్యాహ్నం ప్రియదర్శిని ఒక చెంచా నోట్లో పెట్టుకుని ఆగింది. "అమ్మా, నీ చెయ్యి మల్ల మంచిగైంది!" శ్రీపాల్ నీళ్ల గ్లాసు ముట్టకుండానే గిన్నె ఖాళీ చేసి, ఇంకొంచెం వెయ్యమన్నాడు. ఈసారి బాగుందని అనడం మరిచిపోయాడు.

వండింది నేనేనని చెప్పడానికి జగపతి గొంతు సవరించుకున్నాడు. శారద ఆయన కంటే ముందే మాట్లాడింది. జ్వరం సంగతి, వాసన సంగతి, ఉప్పు సంగతి అన్నీ కూతురికి చెప్పేసింది. ప్రియదర్శిని ఏడ్చింది. శ్రీపాల్ ఎవరి వైపు చూడాలో తెలియక పరమాన్నం వైపు చూశాడు.

మరుసటి వారం హన్మకొండలో చెవి ముక్కు డాక్టర్ దగ్గరికి పోయారు. ఆయన ముక్కులో లైటు వేసి చూసి, వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. పొద్దున, సాయంత్రం లవంగాలు, నిమ్మకాయ, గులాబీ, ఇంగువ ఒక్కొక్కటిగా పీల్చమన్నాడు. రాకపోయినా గుర్తుచేసుకుంటూ పీల్చమన్నాడు. ఈ పని జగపతి తన మీద వేసుకున్నాడు. పొద్దున్నే ఆమెను వంటింట్లో కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని, ఆ నాలుగూ వేసిన గ్లాసులు ఒక్కొక్కటే ముక్కు కింద పెట్టేవాడు.

"ఏంది?"

"ఏం లేదు."

"ఇది?"

"ఏం లేదు."

"సరే, టీ తాగు."

ఎండాకాలం అలాగే గడిచింది. వానలు మొదలైన కొత్తలో ఒకరోజు నాలుగు గ్లాసులూ అయిపోయాక కూడా శారద కళ్లు తెరవలేదు.

"ఏదో వస్తున్నది," అంది.

"ఏంది? లవంగమా?"

"కాదు. కుళ్లిన వాసన. జర్రంత. అటు పక్క నుంచి."

జగపతికి ఏ వాసనా తగల్లేదు. అయినా అటు పక్క ఉన్నవన్నీ జరపడం మొదలుపెట్టాడు. సంచులు లాగాడు, పెట్టె కింద వంగి చూశాడు, బియ్యం డ్రమ్ము పక్కకు నెట్టాడు. దాని వెనక ఒక ఎలుక చచ్చి పడి ఉంది.

ఆయన దాన్ని తోక పట్టుకుని ఎత్తి భార్యకు చూపించాడు. శారద ముక్కు మూసుకుంది, మూసుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. జగపతి ఎలుకను ఒక చేత్తో అలాగే పట్టుకుని, రెండో చేత్తో కూతురికి ఫోన్ చేశాడు.

"బిడ్డా," అన్నాడు, "మీ అమ్మకు ఎలుక వాసన వచ్చింది."