ఎడమవైపు షిఫ్ట్

మీటల వంక చూడకుండా కొట్టేవాడి వేళ్లు తప్పు చేయవని టైపిస్టుల్లో ఒక నమ్మకం ఉంది. ఆ కోర్టు టైపిస్టు ముప్పై ఒక్క సంవత్సరాలు ఆ నమ్మకంతోనే పనిచేశాడు. సాక్షి మాటను జడ్జిగారు వాక్యంగా కూర్చి చెప్పడం ముగిసేలోపే అది తెర మీద ఉండేది. అందుకే కోర్టంతా అతన్ని 'మిషన్‌గారు' అనేది.

ఆ ఉదయం పదింటికే అతను కంప్యూటర్‌ను మూడోసారి ఆపి మళ్లీ ఆన్ చేశాడు. కోర్టులో కంప్యూటర్లన్నీ లినక్స్ అనే సిస్టమ్ మీద నడుస్తాయి. నల్లని తెర మీద తెల్లని పంక్తులు గబగబా పైకి పోయాయి. కొట్టి చూశాడు; అక్షరాలు పడ్డాయి. ఆ ఊరట ఎంతసేపో అతనికి తెలుసు. రెండు పేజీలు సాఫీగా సాగుతాయి. సాక్షి ఎక్కడో తడబడి ఆగుతాడు. మళ్లీ మొదలుపెట్టేసరికి కీబోర్డు చచ్చి ఉంటుంది. ఎంత వేగంగా కొట్టినా ఒక్క అక్షరం పడదు.

నెల రోజులుగా ఇదే వరస. తీగ పీకి పెట్టాడు. వెనుక రంధ్రంలోంచి తీసి ముందు రంధ్రంలో గుచ్చాడు. భాష సెట్టింగు మార్చాడు. ఎవరికీ చెప్పకుండా కొత్తవి కొని తెచ్చుకున్నాడు. బల్ల మీద ఉన్నది నాలుగో కీబోర్డు.

నిన్న రెండు వాంగ్మూలాలు సగంలో ఆగాయి. జడ్జిగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. సాయంత్రం హెడ్ గుమాస్తా వచ్చి పక్కన నిలబడ్డాడు.

"మిషన్‌గారూ, రేపు కూడా ఆగితే మిమ్మల్ని రికార్డు గదికి పంపమన్నారు. నా చేతిలో ఏం లేదు."

"అక్కడ నేనేం చెయ్యనండీ?"

"పాత కట్టలకి నంబర్లెయ్యడమే. హాయిగా ఫ్యాను కింద."

"ఫ్యాను ఉందా అక్కడ?"

"ఉంది. తిరగదు."

అతనికి వేరే విద్య రాదు. చదువు ఆగిపోయిన ఏడాది కళ్లకు గుడ్డ కట్టుకుని నేర్చుకున్న పని అది. పెళ్లైన కొత్తలో భార్య చెయ్యి పట్టుకుంటే, తెలియకుండానే ఆమె అరచేతిలో అక్షరాలు కొట్టేవాడు. "ఏం రాశారు?" అని ఆమె నవ్వేది. ఈ పొద్దున చొక్కా కుడి మణికట్టు గుండీతో అతను కుస్తీ పడుతుంటే ఆమే వచ్చి పెట్టింది.

"ఉండండి. కాజా బిగుసుకుపోయినట్టుంది."

అతనూ కాజానే తిట్టుకున్నాడు.

పదిన్నరకు కంప్యూటర్ల మెకానిక్ వచ్చింది. నలభై ఏళ్ల మనిషి. జుట్టు ముడిలో సన్నని స్క్రూడ్రైవర్ దోపుకుని ఉంది.

"ఏం బాబాయ్ గారూ, మళ్లీ అలిగిందా?"

"పదకొండుకి సాక్షి వస్తాడమ్మా. ఈ పూట గట్టెక్కించు. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

"అంత మాటెందుకు! మీ మానాన మీరు కొట్టండి, నేను చూస్తా."

ఏ మీట నొక్కినా, నొక్కి ఉంచినా, వదిలినా ఒక పంక్తిగా చూపే చిన్న ప్రోగ్రామ్‌ను తెరిచి ఆమె పక్కన కూర్చుంది. అతను పాత వాంగ్మూలమొకటి కొట్టసాగాడు. పంక్తులు జంటలు జంటలుగా వచ్చాయి: నొక్కినది, వదిలినది.

"ఆగండి."

అతను ఆగాడు. తెర ఆగలేదు. ఎడమవైపు షిఫ్ట్ అనే ఒకే పంక్తి ధారగా కిందికి జారుతూ ఉంది.

"ఇదీ సంగతి. షిఫ్ట్‌ని ఎనిమిది సెకన్లు అదిమిపెడితే ఒక సదుపాయం దానంతటదే ఆన్ అవుతుంది. చేతులు వణికేవాళ్ల కోసం పెట్టారు. ఇక ప్రతి కీ కాసేపు నొక్కి ఉంచితేనే అక్షరం పడుతుంది. మీలాగా గబగబా కొడితే పట్టించుకోదు."

"నేను అదమలేదమ్మా. ఆ కీ ఇరుక్కుంది. ఇదీ పాడైంది."

"నాలుగింటికీ అదే కీ ఇరుక్కుందా?" ఆమె గొంతు తగ్గింది. "బాబాయ్ గారూ, ఒక్కసారి కిందికి చూడండి."

ముప్పై ఒక్క సంవత్సరాల తర్వాత అతను మీటల వంక చూశాడు. కుడిచెయ్యి గాలిలో ఉంది. ఎడమ చిటికెన వేలు షిఫ్ట్ మీద పడి ఉంది. లేవమని దానికి చెప్పాడు. ధార ఆగలేదు. కుడిచేత్తో ఆ వేలిని పట్టుకుని తీసి పక్కన పెట్టాడు. ధార ఆగింది.

"ఎవరికీ చెప్పకు తల్లీ."

"ఇది పక్షవాతంలా ఉంది. ముందు ఆసుపత్రికి పదండి."

"వాంగ్మూలం అయ్యాక వస్తాను. ఆ సదుపాయమేదో తీసెయ్యి, చాలు."

ఆమె తీసేసి, హెడ్ గుమాస్తా దగ్గరికి పరుగెత్తింది. జడ్జిగారు వచ్చి కూర్చున్నారనీ, టైపిస్టును మధ్యలో లేపడం కుదరదనీ అతనన్నాడు. బంట్రోతు అప్పటికే సాక్షిని పిలుస్తున్నాడు.

టైపిస్టు ఎడమచేతిని ఒళ్లో పెట్టుకున్నాడు. కళ్లు మీటల మీదికి దించి, ఒంటిచేత్తో మొదలుపెట్టాడు. కీబోర్డు ఒక్క అక్షరం కూడా వదల్లేదు. నాలుగో పేజీలో ఒక వాక్యం సగంలో ఆగింది. జడ్జిగారు ఆ వాక్యాన్ని రెండోసారి చెప్పారు.

సాయంత్రం ఆరుంబావుకు మరణించినట్టు ఆసుపత్రి కాగితంలో ఉంది.

వారం తర్వాత మెకానిక్ కోర్టులో అతని బీరువా తెరిచింది. కింది అరలో మూడు కీబోర్డులున్నాయి. ఒక్కొక్కదాన్నీ తగిలించి ప్రతి మీటా నొక్కి చూసింది. మూడూ పనిచేస్తున్నాయి. మూడింటి మీదా, అతని గుండ్రని చేతిరాతతో, 'పాడైపోయింది' అన్న చీటీలు అంటించి ఉన్నాయి.