వేడినేల గ్రీజు

ఏడుంబావుకి నూబియా సైకిలెక్కి పెడల్ తొక్కింది. కాళ్ళు తిరిగాయి, చైన్ తిరిగింది. బండి మాత్రం అంగుళం కదల్లేదు.

"అక్కా! ఇది ఉత్తినే తిరుగుతోంది!"

ఎదిల్మా చేతిలోని బెల్లంనీళ్ళ గిన్నె అరుగు మీద పెట్టి పరిగెత్తింది. కొండ కింద నది ఒడ్డున ఆమెకి ఇరవై రెండేళ్ళుగా సైకిల్ షాపుంది. చూడగానే అర్థమైంది. వెనక చక్రం మధ్యనుండే హబ్బు పట్టడం లేదు. పెడల్ బలం చక్రానికి అందాలంటే హబ్బు లోపలుండే చిన్న ఇనుప గోళ్ళు పైకి లేచి, చుట్టూ ఉన్న పళ్ళని పట్టుకోవాలి. అవి లేవడం లేదు.

పోటీ ఎనిమిదింటికి మొదలు. ఇంకా నలభై అయిదు నిమిషాలు.

మామూలు పోటీ కాదిది. రెండు రోజుల పందెంలో గెలిచినవాళ్ళు జాతీయ క్రీడలకి వెళ్ళే జట్టులో చేరతారు. ఇటుకబట్టీలో పనిచేసే నూబియా వరసగా మూడేళ్ళు రెండో స్థానంలోనే ఆగిపోయింది. ముప్ఫై మూడేళ్ళు నిండాయి, వచ్చే ఏడు వయసు ఒప్పుకోదు. నిన్న నది ఒడ్డున జరిగిన మొదటి రోజు పందెంలో నిమిషం నలభై సెకన్లు ముందుంది. ఈ రోజు ఈ కొండ మీద, లగునేరా ఊరి చుట్టూ ఒక్క చుట్టు. అంతే మిగిలింది.

"పొద్దున్న బాగానే ఉంది కదే?"

"వంటింట్లో తిప్పి చూశానక్కా. గట్టిగా పట్టింది. అరగంట క్రితం తెచ్చి ఈ గోడకి ఆనించాను."

ఎదిల్మా గోడ వైపు చూసింది. గోడ పక్కనే ఆకుపచ్చ గుడారం. గుడారం ముందు ముక్కాలిపీట మీద కూచుని, ఉన్ని దుప్పటి కప్పుకుని మొక్కజొన్న రొట్టె నములుతున్నాడు కుస్తోదియో. లగునేరా మెకానిక్కు. రెండో స్థానంలో ఉన్న రోస్మిరా బండి చూసేది అతనే.

ఎదిల్మా బుర్రలో లెక్క టకటకా కుదిరిపోయింది. లోపల బాగుంది, బయట పెట్టారు, పాడైంది. మధ్యలో ఉన్నది ఒక్కడే మనిషి.

"ఏం చేశావయ్యా మా బండికి?"

కుస్తోదియో నమలడం ఆపలేదు. "శుభోదయం, అమ్మగారూ."

"శుభోదయం నీ మొహం! అరగంట నీ పక్కనుంది. ఇప్పుడు పట్టడం లేదు."

"నా పక్కన మా ఆవిడ ముప్ఫయ్యేళ్ళుంది. ఆవిడకీ నాకూ పడటం లేదు. అదీ నేను చేసిందేనా?"

బంగాళాదుంపల బస్తాల మీద కూచున్న ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. ఎదిల్మాకి చెవుల దాకా రక్తం పొంగింది. "దొంగ పని చేసి పరాచికాలు కూడానా! పోటీ నడిపేవాళ్ళకి చెబుతాను. నీకూ, మీ రోస్మిరాకీ కలిపి చెబుతాను!"

"చెప్పు. వాళ్ళు వచ్చేసరికి ఎనిమిదవుతుంది," అన్నాడు కుస్తోదియో. "వేడినేల మనుషులకి నోరు త్వరగా కాగుతుందని మా నాన్న ఊరికే అనలేదు."

కొండ మీదివాళ్ళు కిందివాళ్ళని వేడినేల మనుషులంటారు. కిందివాళ్ళు పైవాళ్ళని చలినేల మనుషులంటారు. సందర్భాన్ని బట్టి రెండూ తిట్లే, రెండూ ముద్దుమాటలే. ఇప్పుడు మాత్రం తిట్టే.

పోట్లాటకి టైము లేదు. ఎదిల్మా వెనక చక్రం ఊడదీసి చంకన పెట్టుకుని, రాత్రి తాము బస చేసిన ఒలీవమ్మ వంటింట్లోకి దూరింది. బయట వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, మంచు కమ్మి పది గజాల అవతల ఏమీ కనబడటం లేదు. లోపల కట్టెలపొయ్యి భగభగ మండుతోంది.

"నా బల్ల మీద నూనె మరకలు పడ్డాయంటే చూడు!" అంది ఒలీవమ్మ.

"పడితే నేనే తోముతాను పెద్దమ్మా. కాస్త జరుగు."

పనిముట్ల సంచీ విప్పి, ఎలా చూసినా గోళ్ళు విరిగే ఉంటాయని, కుస్తోదియో ఇసుకో, జిగురో పోసి ఉంటాడని అనుకుంటూ ఇరుసు మూత తీసింది. పళ్ళ చక్రాలని గట్టిగా లాగింది. లోపలి భాగం చేతిలోకి వచ్చింది.

ఇసుక లేదు. జిగురు లేదు. గోళ్ళు నాలుగూ చెక్కు చెదరలేదు. వాటి వెనక స్ప్రింగులూ బాగున్నాయి. అన్నిటినీ కప్పేసి పచ్చటి గ్రీజు, పేరిన పందికొవ్వులా గడ్డకట్టి ఉంది. వేలితో ఒక గోరు నొక్కింది. లోపలికి వెళ్ళింది. వెళ్ళింది వెళ్ళినట్టే అక్కడే ఉండిపోయింది.

ఎదిల్మా దాన్ని కళ్ళార్పకుండా చూసింది. పొయ్యి వేడి తగులుతోంది. గ్రీజు మెల్లగా మెరిసింది. కాసేపటికి, ఎవరూ ముట్టుకోకుండానే, ఆ గోరు టిక్కుమని పైకి లేచింది.

ఆమె లేచి తలుపు తీసి ఆ ముక్కని బయట చలిలో పట్టుకుంది. వంద లెక్కపెట్టింది. నొక్కింది. గోరు లేవలేదు.

"తలుపెయ్యవే, పొయ్యి ఆరుతుంది!" అంది ఒలీవమ్మ.

తలుపేసి, గోడకి ఆనుకుని నిలబడింది ఎదిల్మా. దొంగ దొరికాడు. ఆ గ్రీజు పెట్టింది తనే. లారీ ఇరుసులకి వాడే చిక్కటి గ్రీజు. నది దాటేటప్పుడు నీళ్ళు దూరకూడదనీ, ఎండలో కారిపోకూడదనీ ఇరవై రెండేళ్ళుగా తన ఊరి ప్రతి హబ్బులోనూ అదే కూరుతోంది. అక్కడ అది బంగారం. ఈ కొండ మీద అదే సంకెల. నూబియా బండి వంటింట్లో బాగుండటానికీ బయట ఆగిపోవడానికీ మధ్య ఉన్నది మనిషి కాదు, చలి.

ఏడూ ముప్ఫై ఎనిమిది.

సంచీలోని పెట్రోలు సీసా బయటికి పట్టుకెళ్ళి, గుడ్డతో గోళ్ళూ స్ప్రింగులూ పళ్ళూ తుడిచింది. మూడు నిమిషాల్లో అన్నీ తళతళలాడాయి. మరి వాటికి రాయడానికేముంది? సంచీలో ఉన్నది అదే గ్రీజు. చైన్‌కి వేసే నూనె కూడా కిందనించి తెచ్చిందే, ఇప్పుడు తేనెలా సాగుతోంది. పొడిగా వదిలేస్తే ఆ రాళ్ళ దారిలో సగం చుట్టుకే గోళ్ళు అరిగిపోతాయి. పల్చటి నూనె కావాలి. ఈ చలిలో పనిచేసే నూనె ఈ ఊళ్ళో ఎవరి దగ్గరుంటుందో ఆలోచించక్కర్లేదు.

ఆ ముక్కని చేత్తో పట్టుకుని ఆకుపచ్చ గుడారం ముందుకి వెళ్ళింది.

"కుస్తోదియోగారూ."

"ఓహో. ఇప్పుడు గారు కూడా వచ్చింది."

"గ్రీజు గడ్డకట్టింది. నేను పెట్టిందే. మీ తప్పేం లేదు. కాస్త పల్చటి నూనె ఇస్తారా?"

అతను ఆమె చేతిలో ముక్కని తీసుకుని వాసన చూశాడు. "లారీ గ్రీజా?"

"లారీ గ్రీజే."

"ఇందాక నన్ను దొంగన్నప్పుడు ఇరవై మంది విన్నారమ్మా. ఇప్పుడు చెప్పింది నేనొక్కణ్ణే విన్నాను."

ఎదిల్మా బస్తాల వైపు తిరిగింది. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుంది. "కుస్తోదియోగారు దొంగ కాదు! బండి పాడు చేసింది నేనే!"

"అవతల బస్సు ఆగేచోట ఉన్నవాళ్ళకి వినబడలేదు," అన్నాడతను.

మళ్ళీ అరిచింది. ఈసారి మంచులో ఎక్కడో ఒక కుక్క కూడా జవాబిచ్చింది. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు.

కుస్తోదియో జేబులోంచి చిన్న సీసా తీశాడు. "కుట్టుమిషను నూనె. గోరుకి ఒక్క చుక్క. రెండో చుక్క వేశావో, అది నీ వేడినేల అత్యాశ."

"మీ రోస్మిరా ఊరుకుంటుందా?"

"కదలని బండిని ఓడించామని చెప్పుకుంటూ నేను ఇదే ఊళ్ళో ఎలా బతకను? పో, టైమవుతోంది."

గోరుకి ఒక చుక్క. నాలుగు గోళ్ళనీ దారంతో చుట్టి లోపలికి అదిమి పట్టి, ముక్కని హబ్బులోకి తిప్పుతూ తోసి, దారం లాగేసింది. చక్రం బిగించింది. తిప్పితే పిడికెడు గింజలు రేకు మీద దొర్లినట్టు చప్పుడు. నూబియా ఎక్కి తొక్కింది. బండి ముందుకి ఉరికింది.

ఏడూ యాభై ఆరు.

తర్వాతి గంటన్నర ఎదిల్మా కూచోలేదు. అన్నట్టే ఒలీవమ్మ వంటింటి బల్ల తోమింది, అడగకుండానే పొయ్యి కూడా తుడిచింది. చివరికి మంచులోంచి ఒక సైకిలు బయటపడింది. రోస్మిరా! ఊరంతా కేకలు పెట్టింది. ఎదిల్మా గడియారం నొక్కింది. నిమిషం నలభై సెకన్ల లోపల నూబియా రావాలి.

ముప్ఫై సెకన్లు. నిమిషం. నిమిషం పది. కేకలు తగ్గాయి, అందరూ మలుపు వైపే చూస్తున్నారు. నిమిషం ఇరవై అయిదు. బురద ముద్దలాంటిదేదో మలుపు తిరిగింది. పెడళ్ళ మీద నిలబడి తొక్కుతోంది, ప్రతి తొక్కుకీ బండి ముందుకి ఎగురుతోంది. గీత దాటేసరికి నిమిషం ముప్ఫై రెండు.

రెండు రోజులూ కలిపితే నూబియా ఎనిమిది సెకన్లు ముందు.

ఎదిల్మా ఆమెని బురదతో సహా కావలించుకుంది. "మోకాళ్ళు పోయాయక్కా," అంది నూబియా నవ్వుతూ, ఏడుస్తూ. "హబ్బు మాత్రం ఒక్కసారి కూడా వదల్లేదు."

ఆ మాట పక్కనే నేల మీద కూలబడిన రోస్మిరా చెవిన పడింది. తలెత్తి తన మెకానిక్కుని చూసింది. "పొద్దున్న వీళ్ళ బండి కదల్లేదన్నారు కదా, మామయ్యా? ఎవరు బాగుచేశారు?"

కుస్తోదియో దుప్పటి మెడ దాకా లాక్కున్నాడు. "ముందు వేడిగా బెల్లంనీళ్ళు తాగమ్మా," అన్నాడు. "మన చలినేల తీరున జున్ను ముక్క వేసి ఇమ్మంటాను. అందరికీ ఇమ్మంటాను."